లేబుల్ మీద పేరు

1964 జూన్ 10, 11 తేదీలలో, ఇంగ్లండు నుంచి తొలిసారి అమెరికా పర్యటనకు వచ్చిన రోలింగ్ స్టోన్స్ బృందం షికాగోలోని 2120 సౌత్ మిషిగన్ ఎవెన్యూకు వెళ్ళింది. అది చెస్ రికార్డ్స్ కంపెనీ స్టూడియో. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, చక్ బెరీ వంటి నల్లజాతి గాయకుల రికార్డులు తయారైన చోటు. ఆ రికార్డులు విని పాట నేర్చుకున్న ఆ కుర్రవాళ్ళకు అది పుణ్యక్షేత్రంతో సమానం. తమ బృందానికి పెట్టుకున్న పేరే మడ్డీ వాటర్స్ 1950లో పాడిన ఒక పాట నుంచి తీసుకున్నది. ఆ రెండు రోజులలో రికార్డు చేసిన ఒక వాద్యగీతానికి ఆ స్టూడియో చిరునామానే పేరుగా పెట్టారు.

అదే నెల 23న, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పట్టణంలో ముగ్గురు తెల్లజాతి యువకులు ఒక వృద్ధుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి కలుసుకున్నారు. ఆయన పేరు సన్ హౌస్. ఇంచుమించు ఆ రోజులలోనే మరో ముగ్గురు యువకులు మిసిసిప్పి రాష్ట్రంలోని టునికా ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మరొక వృద్ధుణ్ణి కనుక్కున్నారు. ఆయన పేరు స్కిప్ జేమ్స్. ఇద్దరిదీ 62 ఏళ్ళ వయసు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళ కిందట కొన్ని పాటలు రికార్డు చేసి, ఆ తరవాత సంగీత వ్యాపారం దృష్టిలో లేకుండా పోయినవారు.

ఒక నెలలో ఒకే సంగీతానికి సంబంధించిన మూడు ఘటనలు. ఒకచోట బ్లూస్ పాటలు నేర్చుకున్న కుర్రవాళ్ళు ప్రపంచ ప్రసిద్ధికి సిద్ధమవుతున్నారు. మిగతా రెండు చోట్ల ఆ సంగీతానికి మూలపురుషులలో ఇద్దరు బతికే ఉన్నారన్న సంగతే వార్త అయింది. ఈ వ్యత్యాసాన్ని వివరించడానికి రాక్ సంగీత చరిత్రలు సాధారణంగా వాడే మాట 'ప్రభావం'. ఫలానా బృందం మీద ఫలానా బ్లూస్ గాయకుడి ప్రభావం ఉంది అంటారు. మాట మర్యాదగానే ఉంటుంది. అయితే ఆ మాటలో డబ్బు లెక్క వినిపించదు. ఆ లెక్క రాసి ఉండే చోటు వేరే ఉంది. గ్రామఫోను ప్లేటు నడుమ అతికించిన గుండ్రటి కాగితం. దాని మీద పైన కంపెనీ పేరు, కింద పాట పేరు, దాని కింద సన్నటి అక్షరాలలో పాట కట్టినవారి పేరు, ఆ తరవాత పాడినవారి పేరు ఉంటాయి. ఆ సన్నటి అక్షరాలలో ఏ పేరు ఉంది, ఆ పేరు గల మనిషి ఎక్కడ ఉన్నాడు అన్న రెండు ప్రశ్నల వెంట వెళ్తే బ్లూస్ చరిత్ర మరోలా కనిపిస్తుంది.

లక్క ప్లేటు, మూడు నిమిషాలు

1920 ఆగస్టులో మేమీ స్మిత్ అనే గాయని ఓకే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాట పాడింది. అది విపరీతంగా అమ్ముడుపోవడంతో, నల్లజాతివారు కూడా రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలకు తెలిసివచ్చింది. ఆ కొనుగోలుదారుల కోసం వేరే జాబితాలు పుట్టాయి. వాటిని 'రేస్ రికార్డులు' అన్నారు. మొదట నగరాల రంగస్థల గాయనులు పాడారు. 1920ల నడిమి నుంచి దక్షిణాదిన, పత్తి చేలలో పంటపాలుకు సేద్యం చేసే కుటుంబాలలో పుట్టిన ఒంటరి గిటారు గాయకులకు పిలుపు వచ్చింది.

ఆ కంపెనీలలో పేరుపొందిన పారమౌంట్ నిజానికి విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల కంపెనీకి అనుబంధ సంస్థ. గ్రామఫోను పెట్టెలు తయారుచేసేవారు ఆ పెట్టెలు అమ్ముడుపోవడానికి రికార్డుల వ్యాపారంలోకి దిగారు. సంగీతం మీద వారికి ప్రత్యేకమైన అభిమానం ఉన్నట్టు ఆ రికార్డుల నాణ్యత చెప్పదు. చవక సరుకు వాడడం వల్ల కొత్త ప్లేటులోనే బరబర శబ్దం వినిపించేది.

ఆ ప్లేట్లలో ఖనిజపు పొడిని పట్టి ఉంచే జిగురు షెల్లాక్, అంటే మన లక్క. ప్రపంచానికి లక్క అధికంగా మన దేశపు అడవుల నుంచే, ముఖ్యంగా ఛోటానాగపూర్ ప్రాంతం నుంచి, ఎగుమతి అయ్యేది. మన పెద్దల ఇళ్ళలో నాటకపద్యాలు పలికిన ప్లేట్లూ, మిసిసిప్పి డెల్టా పాటలు పలికిన ప్లేట్లూ ఒకే పురుగు ఇచ్చిన జిగురుతో తయారైనవే. రెండింటికీ ఒకటే పరిమితి కూడా. పది అంగుళాల ప్లేటు ఒక వైపున సుమారు మూడు నిమిషాలు మాత్రమే పడుతుంది. శనివారం రాత్రి నాట్యానికి తోడుగా ఎంతసేపైనా సాగే పాటను మూడు నిమిషాలకు కుదించి పాడవలసిందే. కాబట్టి మన చేతికి అందిన రికార్డు ఆ సంగీతానికి ఒక ఫొటో వంటిది. గాయకుడి జీవితంలో ఒక మధ్యాహ్నం ఏమి జరిగిందో మాత్రమే చెబుతుంది.

ప్రతిఫలం విషయం మరీ సులభం. చాలామందికి పాటకు ఇంత అని చేతిలో పెట్టి పంపేవారు. అమ్మిన ప్రతి ప్లేటుకూ వాటా ఇచ్చే పద్ధతి వీరి దాకా రాలేదు. పాట హక్కు తరచుగా కంపెనీకి సంబంధించిన ప్రచురణ సంస్థ పేరు మీద నమోదయ్యేది. 1929లో ఆర్థిక మాంద్యం మొదలయ్యాక పేదవాళ్ళు రికార్డులు కొనడం మానేశారు. పారమౌంట్ 1932లో రికార్డింగులు ఆపేసింది. అసలు లోహపు అచ్చులు పాత ఇనుము కింద పోయాయి. మిగిలింది జనం ఇళ్ళలో ఉన్న అరిగిన ప్లేట్లే.

పాటే చిరునామా

మిసిసిప్పి జాన్ హర్ట్ కథతో మొదలుపెట్టడం మంచిది. ఆయన 1928లో ఓకే కంపెనీకి రెండు విడతలుగా పాడాడు. ఫిబ్రవరిలో మెంఫిస్‌లో, డిసెంబరులో న్యూయార్క్‌లో. నేడు మనకు దక్కినవి 13 పాటలు. బొటనవేలితో మంద్రపు తీగలు క్రమం తప్పక మోగిస్తూ, మిగతా వేళ్ళతో పాట వరస పలికించే ఆయన వాదన ఎక్కడా గట్టిగా వినిపించదు. గొంతు కూడా పక్క కుర్చీలో కూర్చున్నవారికి చెబుతున్నంత మెల్లగా ఉంటుంది. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన ఊరికి తిరిగివెళ్ళి వ్యవసాయపు పనులు చేసుకుంటూ ఉండిపోయాడు.

1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత వాణిజ్య రికార్డుల నుంచి 84 పాటలు ఏరి ఒక పెద్ద సంకలనం వెలువరించాడు. అందులో హర్ట్ పాటలు రెండు ఉన్నాయి. నగరాల విద్యార్థులు వాటిని పదేపదే విన్నారు. గాయకుడు ఎప్పుడో చనిపోయి ఉంటాడని అనుకున్నారు. హర్ట్ 1928 డిసెంబరులో న్యూయార్క్‌లో పాడిన ఒక పాటలో తన సొంత ఊరు ఎవలాన్ అని చెప్పుకున్నాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ ఒక్క ఆధారం పట్టుకుని, పాత భూగోళ పటంలో ఎవలాన్ ఎక్కడుందో చూసుకుని మిసిసిప్పికి వెళ్ళాడు. హర్ట్ అక్కడే ఉన్నాడు. అదే ఏడాది వేసవిలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాడు. 1966 నవంబరులో మరణించేవరకు మూడేళ్ళకు పైగా దేశమంతా తిరిగి పాడి, కొత్త రికార్డులు చేశాడు.

రికార్డు ఆయనకు 1928లో గాని తరవాత ముప్ఫై అయిదేళ్ళలో గాని జీవనం ఇవ్వలేదు. అయితే చిరునామా దాచి ఉంచింది. ఇంటి మీద బెంగతో పాడిన ఒక మాట ఆయన్ను తిరిగి వెలుగులోకి తెచ్చింది.

తన పాటను తాను తిరిగి నేర్చుకున్న మనిషి

సన్ హౌస్ సంగతి వేరు. 1930లో పారమౌంట్ కోసం విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌లో పాడాడు. 1941, 1942లలో జానపద సేకర్త ఎలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం మిసిసిప్పికి వచ్చి ఆయన పాటలు రికార్డు చేశాడు. ఆ 1941 యాత్రలోనే లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయపు జాన్ వర్క్ కలిసి స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడిపే ఒక యువకుడి పాట కూడా రికార్డు చేశారు. అతనే మడ్డీ వాటర్స్. సన్ హౌస్ గిటారు వాయిస్తుంటే చూసి నేర్చుకున్నవాడు. ప్లేటు మీద తన గొంతు తాను విన్న అనుభవం అతనికి ధైర్యం ఇచ్చింది. 1943లో షికాగోకు తరలిపోయాడు. అదే ఏడాది గురువు వంటి సన్ హౌస్ కూడా ఉత్తరాదికి, రాచెస్టర్‌కు, తరలిపోయాడు. అయితే ఆయన పాట కోసం పోలేదు. ఉద్యోగం కోసం పోయాడు. కొంతకాలానికి గిటారు కూడా వదిలేశాడు.

ఆయన కోసం బయలుదేరిన డిక్ వాటర్‌మన్, నిక్ పెర్ల్స్, ఫిల్ స్పైరో మొదట మిసిసిప్పి అంతా వెతికారు. మెంఫిస్‌లో ఉంటున్న రెవరెండ్ రాబర్ట్ విల్కిన్స్, తానూ ఒకప్పుడు బ్లూస్ రికార్డులు చేసి తరవాత మతబోధకుడైనవాడు, వారికి దారి చూపాడు. అవి మంచి రోజులు కావు. నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి ఉత్తరాది విద్యార్థులు మిసిసిప్పికి వస్తున్న వేసవి అది. జూన్ 21న ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలు, ఛేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్, అక్కడ హత్యకు గురయ్యారు. బయటి రాష్ట్రపు నంబరు పలక ఉన్న కారులో నల్లజాతి ఇళ్ళ తలుపులు తట్టడం ప్రాణాపాయం. చివరికి తెలిసిందేమంటే, వాళ్ళు వెతుకుతున్న మనిషి ఇరవై ఏళ్ళుగా ఉత్తరాదిలోనే ఉన్నాడు.

కనుక్కున్నారు సరే. ఆయన దగ్గర గిటారు లేదు. పాటలు చాలావరకు మరిచిపోయాడు. చేతులు వణుకుతున్నాయి. అప్పుడు ఎల్ విల్సన్ అనే ఇరవయ్యేళ్ళ బాస్టన్ యువకుడు, తరవాత కాన్డ్ హీట్ బృందంలో పేరు పొందినవాడు, సన్ హౌస్ 1930, 1942 రికార్డులను విని నేర్చుకున్న పద్ధతులను ఆయన ఎదుటే వాయించి చూపించాడు. శిష్యుడు గురువుకు గురువు పాటను అప్పజెప్పాడు. వైద్యుడిగా నాకు ఈ ఘట్టం ప్రత్యేకమైన ఆసక్తి కలిగిస్తుంది. ఏ ఊళ్ళో ఎప్పుడు ఏమి జరిగిందన్న జ్ఞాపకం వేరు, చేతులు నేర్చుకున్న పని తాలూకు జ్ఞాపకం వేరు. రెండవది మెదడులో మరొక మార్గంలో నిలవ ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడకపోయినా సరైన ప్రేరణ దొరికితే మేలుకొంటుంది. ఆ ప్రేరణ లక్క ప్లేటు నుంచి, ఒక కుర్రవాడి వేళ్ళ మీదుగా వచ్చింది. 1965లో కొలంబియా కంపెనీకి సన్ హౌస్ చేసిన రికార్డు వింటే, వేళ్ళు పూర్వంలా పరుగెత్తకపోయినా, గొంతులోని తీవ్రత తగ్గలేదని తెలుస్తుంది. ఆ తరవాత దాదాపు పదేళ్ళు పాడాడు. 1988లో డిట్రాయిట్‌లో మరణించాడు.

ఒక పాట, ఒక ఆసుపత్రి

స్కిప్ జేమ్స్ 1931 ఫిబ్రవరిలో గ్రాఫ్టన్‌లో పారమౌంట్ కోసం పాడాడు. దొరికినవి 18 పాటలు. గిటారును మైనరు శ్రుతిలో కట్టుకుని, పైస్థాయి గొంతుతో పాడే ఆయన పాటలలో శూన్యపు ఇంట్లో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మాంద్యపు రోజులలో ఆ రికార్డులు అమ్ముడుపోలేదు. కొన్ని పాటలకు ఒకటి రెండు ప్రతులు మించి మిగలలేదు. ఆయన సంగీతం వదిలి చర్చి పనిలోకి, తరవాత కూలిపనిలోకి వెళ్ళాడు.

1964లో జాన్ ఫేహీ, బిల్ బార్త్, హెన్రీ వెస్టీన్ ఆయన్ను ఆసుపత్రిలో కనుక్కున్న కొద్ది వారాలకే ఆయన న్యూపోర్ట్ వేదిక ఎక్కాడు. కాని ఒంట్లో క్యాన్సర్ ఉంది. వాషింగ్టన్‌లో ఆసుపత్రిపాలైన అనుభవం మీద ఒక పాట కూడా కట్టాడు. అప్పటికి మెడికేర్ లేదు. ఆ పథకం 1966 జూలైలో అమలులోకి వచ్చింది. దాని డబ్బు కావాలనుకున్న ఆసుపత్రులు వర్ణవివక్ష మానుకోవాలన్న షరతుతో వచ్చింది. అప్పటికీ ఆయనకు 65 ఏళ్ళు నిండడానికి మరో ఏడాది ఉంది. ఇన్సూరెన్సు లేని కూలికి, పాటగాడికి, శస్త్రచికిత్స ఖర్చు ఎవరిస్తారు?

1966 డిసెంబరులో లండన్‌లో క్రీమ్ అనే బృందం తన మొదటి ఆల్బమ్ విడుదల చేసింది. ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ అందులో సభ్యులు. స్కిప్ జేమ్స్ 1931లో పాడిన 'ఐ యామ్ సో గ్లాడ్' పాటను వారు తమ పద్ధతిలో మార్చి పాడారు. చాలా మార్చారు కూడా. తమ పేరు వేసుకున్నా ఆనాడు అడిగేవారు తక్కువ. అలా చేయలేదు. లేబుల్ మీద స్కిప్ జేమ్స్ పేరు వేశారు. ఆ సన్నటి అక్షరాల వల్ల వచ్చిన రాయల్టీ ఆయన జీవితంలో సంగీతం మూలంగా చూసిన పెద్ద సొమ్ము. అది ఆయన వైద్యానికి ఉపయోగపడింది. 1969 అక్టోబరు 3న ఫిలడెల్ఫియాలో మరణించాడు.

దీని పక్కన మరొక కాగితం పెట్టి చూడాలి. 1938 ఆగస్టు 16న మిసిసిప్పిలోని గ్రీన్‌వుడ్ దగ్గర రాబర్ట్ జాన్సన్ మరణించాడు. సుమారు 27 ఏళ్ళు. 1936, 1937లలో శాన్ ఆంటోనియో, డల్లాస్ నగరాలలో 29 పాటలు రికార్డు చేసినవాడు. ఆయన మరణ ధ్రువపత్రం 1968లో బయటపడింది. మరణకారణం రాయవలసిన చోట రెండే మాటలున్నాయి: వైద్యుడు లేడు. విషప్రయోగమనీ, సుఖవ్యాధి అనీ, సైతానుతో ఒప్పందమనీ ఆయన చావు చుట్టూ ఎన్నో కథలు అల్లారు. నా దృష్టిలో ఆ రెండు మాటలే అన్నింటికన్నా నిజమైన రోగనిర్ధారణ. ఏ జబ్బు అన్నది తెలియదు. ఎలాంటి లోకంలో పోయాడో మాత్రం తెలుస్తుంది.

రెండు సెంట్ల లెక్క

పేరుకూ ఆసుపత్రి బిల్లుకూ సంబంధం ఎలా ఏర్పడుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకసారి రికార్డయిన పాటను మరెవరైనా పాడి రికార్డు చేసుకోవచ్చు. అయితే అమ్మిన ప్రతి రికార్డుకూ పాటకు 2 సెంట్ల చొప్పున హక్కుదారుకు చెల్లించాలి. ఈ రేటు 1978 దాకా మారలేదు. సాధారణంగా అందులో సగం ప్రచురణ సంస్థకు, సగం పాట కట్టినవారికి. పది లక్షల ప్రతులు అమ్ముడుపోతే 20,000 డాలర్లు, అందులో రచయితకు 10,000. పాడినవారికి ఇచ్చే రాయల్టీ వేరు. అది కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి పాత గాయకుడి గొంతు ఎవరూ కొనకపోయినా, అతని పాట మరొకరి గొంతులో అమ్ముడుపోతే డబ్బు రావాలి. రావడానికి రెండు షరతులు. పేరు సరిగ్గా ఉండాలి. ప్రచురణ సంస్థ ఆ సొమ్మును అతనికి చేర్చాలి.

రెండో షరతు తప్పితే ఏమవుతుందో ఆర్థర్ క్రూడప్ జీవితం చెబుతుంది. ఆయన 1946లో 'దట్స్ ఆల్ రైట్' పాట రికార్డు చేశాడు. 1954 జూలై 5న మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన మొదటి సన్ రికార్డు ఆ పాటే. దాని లేబుల్ మీద క్రూడప్ పేరు ఉంది కూడా. డబ్బు మాత్రం ఆయనకు చేరలేదు. హక్కులు మధ్యవర్తుల, ప్రచురణ సంస్థల చేతులు మారుతూ పోయాయి. క్రూడప్ కూలిపని చేసి కుటుంబాన్ని పోషించుకున్నాడు. సన్ హౌస్‌ను వెతికిన డిక్ వాటర్‌మన్ 1970ల మొదట్లో ఆయన తరఫున పోరాడి రాజీ ఒప్పందం దాకా తెచ్చాడు. ఆఖరి క్షణంలో సంస్థ సంతకం చేయలేదు. క్రూడప్ 1974లో మరణించాడు. ఆ ప్రచురణ సంస్థ అమ్మకానికి వచ్చినప్పుడు గాని ఆయన వారసులకు సొమ్ము అందలేదు.

మొదటి షరతు తప్పిన ఉదాహరణకు విలీ డిక్సన్. చెస్ కంపెనీలో పాటలు కట్టి, బాస్ వాయించి, ఇతరుల చేత పాడించిన ఈయన లేకుండా షికాగో బ్లూస్ లేదు. ఆయన కట్టిన పాటను మడ్డీ వాటర్స్ 1962లో పాడాడు. 1969లో లెడ్ జెపెలిన్ బృందం పాడిన 'హోల్ లాటా లవ్' అందులోని మాటలను తీసుకుంది. లేబుల్ మీద డిక్సన్ పేరు లేదు. ఆ పోలికను మొదట గుర్తించింది ఆయన కూతురు. 1985లో దావా వేశారు. 1987లో రాజీ కుదిరింది. తరవాతి ముద్రణలలో ఆయన పేరు చేరింది. అంతకు ముందు 1970లలో డిక్సన్, మడ్డీ వాటర్స్ చెస్ సోదరులకు వాటా ఉన్న ఆర్క్ ప్రచురణ సంస్థ మీదే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. అన్యాయం అంతా సముద్రం అవతలి నుంచి రాలేదు. సొంత ఇంటి లెక్కల పుస్తకంలో కూడా ఉంది.

ఇచ్చిపుచ్చుకోవడం, రాయించుకోవడం

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. బ్లూస్ అసలు ఉమ్మడి సొత్తు కదా? ఒకరి చరణం మరొకరి పాటలోకి, ఒకరి వరస మరొకరి గిటారులోకి పోతూనే ఉంటాయి. రాబర్ట్ జాన్సన్ '32-20 బ్లూస్'కు మూలం స్కిప్ జేమ్స్ పాట '22-20 బ్లూస్'. ఆయన 'వాకింగ్ బ్లూస్' సన్ హౌస్ పాట మీద కట్టినది. అలాంటప్పుడు ఇంగ్లండు కుర్రవాళ్ళను మాత్రమే తప్పుపట్టడం ఎందుకు?

ఆక్షేపణ సరైనదే. కాని పాట తీసుకోవడం వేరు, దాన్ని తన పేర రాయించుకోవడం వేరు. జాన్సన్ సన్ హౌస్ నుంచి తీసుకున్నది సన్ హౌస్ సంపాదనను తగ్గించలేదు. ఇద్దరూ ఒకే రకపు చిల్లర డబ్బుకు పాడినవారు. లక్షల ప్రతులు అమ్ముడుపోయే రికార్డు మీద పేరు రాయడం మరో రకం పని. అది ఆస్తి దస్తావేజు. ఉమ్మడి చెరువులో నీళ్ళు తోడుకోవడానికీ, చెరువును తన పేర పట్టా చేయించుకోవడానికీ ఉన్నంత తేడా. రోలింగ్ స్టోన్స్ 1968లో పాడిన 'ప్రాడిగల్ సన్' పాట మొదటి ముద్రణలలో జాగర్, రిచర్డ్స్ పేర్లతో వచ్చింది. అది సన్ హౌస్‌ను వెతికేవారికి దారి చూపిన రెవరెండ్ విల్కిన్స్ పాట. తరవాత ఆయన పేరు వేశారు. తప్పు దిద్దుకోవచ్చు, దిద్దుకుంటే సరిపోతుంది అనడానికి కూడా ఇదే నిదర్శనం. ఆ బృందం మరొక మంచి పని కూడా చేసింది. 1965లో తాము కనిపించబోయే అమెరికా టీవీ కార్యక్రమంలో హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పాడించాలని పట్టుబట్టి, ఆయన పాడుతుంటే కింద కూర్చుని విన్నారు.

చట్టంలో బ్లూస్

ఈ తగాదాలు చివరికి చట్టాన్నే మార్చాయి. జాన్ లీ హూకర్ 1948లో పాడిన 'బూగీ చిల్లెన్' పాటను జీజీ టాప్ బృందం 'లా గ్రాంజ్'లో వాడుకుందని ఆ పాట హక్కులున్న సంస్థ దావా వేసింది. 1995లో అప్పీలు కోర్టు ఒక వింత చిక్కు తేల్చింది. రికార్డు అమ్మితే పాటను ప్రచురించినట్టే. పాత చట్టం ప్రకారం ప్రచురణ తేదీ నుంచి 28 ఏళ్ళకు హక్కును పునరుద్ధరించుకోవాలి. చేసుకోలేదు కాబట్టి పాట అందరిదీ అయిపోయింది. ఈ తర్కం నిలిస్తే, కాగితం మీద నమోదు కాకుండా రికార్డు మీదే బతికిన వేలాది బ్లూస్ పాటల గతి అంతే. 1997లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, 1978కి ముందు రికార్డు అమ్మడం పాటను ప్రచురించడం కిందికి రాదని స్పష్టం చేసింది. ఆ సవరణ మీద ఆధారపడే 2000లో, రోలింగ్ స్టోన్స్ పాడిన రెండు రాబర్ట్ జాన్సన్ పాటల విషయంలో జాన్సన్ హక్కులున్నవారి పక్షాన తీర్పు వచ్చింది.

ఆ హక్కుల ఫలం అందుకున్నది ఎవరు? జాన్సన్ రికార్డుల పూర్తి సంకలనం 1990లో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వారసత్వం మీద కోర్టులలో సుదీర్ఘమైన వాదన నడిచింది. 1998లో మిసిసిప్పి కోర్టు, 2000లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు, కంకర లారీ నడిపి బతికిన క్లాడ్ జాన్సన్ ఆయన కొడుకేనని తేల్చాయి. తండ్రిని తాను చిన్నతనంలో దూరం నుంచి మాత్రమే చూశానని ఆయన చెప్పేవాడు. వైద్యుడు లేక చనిపోయిన మనిషి పాటలు అరవై ఏళ్ళ తరవాత కొడుకు ఇంటికి చేరాయి.

మిగిలే బాకీ

నేడు 2120 సౌత్ మిషిగన్ ఎవెన్యూ భవనం విలీ డిక్సన్ స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ ఆధీనంలో ఉంది. ఆయన 1992లో మరణించాక భార్య మేరీ ఆ భవనాన్ని కొన్నది. పాటగాళ్ళు తమ హక్కులు తెలుసుకుని కాపాడుకోవడానికి సాయపడడం ఆ సంస్థ ఉద్దేశాలలో ఒకటి. షికాగోలో ఉంటున్న మన తెలుగువాళ్ళు, లేదా అక్కడికి వెళ్ళేవాళ్ళు, చూడదగిన చోటు అది.

2018 నాటి చట్టం వల్ల పాత ధ్వనిముద్రణలకు గడువులు ఏర్పడ్డాయి. 'క్రేజీ బ్లూస్' 2022 జనవరి 1న అందరి సొత్తు అయింది. 1928లో విడుదలైన జాన్ హర్ట్ రికార్డులు 2029లో, 1930లో విడుదలైన సన్ హౌస్ రికార్డులు 2031లో, 1931లో విడుదలైన స్కిప్ జేమ్స్ రికార్డులు 2032లో ఆ కోవలోకి వస్తాయి. అప్పటినుంచి ఆ ధ్వనిముద్రణలకు అనుమతి గాని రుసుము గాని అక్కరలేదు. చట్టం దృష్టిలో వాటి బాకీ తీరిపోతుంది.

అప్పుడు లేబుల్ మీద పేరు రాయడం మన ఇష్టం అవుతుంది. ఫోనులో పాట వినేవారికి గుండ్రటి కాగితం కనిపించదు. వివరాలు చూడాలంటే వేలితో మరో రెండుసార్లు తాకాలి. చాలామంది తాకరు. వీలైతే క్రీమ్ పాడిన ఆ పాటను ఒకసారి విని, వెంటనే 1931లో గ్రాఫ్టన్‌లో చేసిన అసలు రికార్డు వినండి. బరబర శబ్దం మొదట అడ్డుపడుతుంది. కొద్దిసేపటికి చెవి దాన్ని పక్కకు నెట్టి గొంతును పట్టుకుంటుంది. ఆ గొంతు స్కిప్ జేమ్స్‌ది. పిల్లలకు ఆ పాట వినిపించినప్పుడు ఆ పేరు కూడా చెప్పండి.